పంచలో వేసిన మంచం

పెద్దపల్లి స్టేషన్లో బండి కోసం నిలబడి ఉంటే, గుండు చేయించుకున్న మనిషి ఒకతను దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు. పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. సుల్తానాబాద్‌లో నేను అద్దెకున్న ఇంటివాళ్ల పెద్దకొడుకు.

"అవ్వ పోయింది పంతులమ్మా. ఇరువై రోజులాయె. కబురు చేద్దామంటె మీ పత్తా దొరకలే."

అవ్వంటే వాళ్లమ్మ, ఆ ఇంటామె. ఏ రోగమని అడగాలి కదా. నేను మాత్రం, ఆఖరికి ఆమెను ఎక్కడ పడుకోబెట్టారని అడగబోయి నోరు మూసుకున్నాను. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో చెప్పాలంటే ఆ ఇంటి సంగతి చెప్పాలి.

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉన్న రోజులు. బీఏ చదివి, ఆడపిల్లల బడిలో ఉద్యోగం దొరికి, నన్ను కన్న మా అవ్వను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్లాను. ఇంటివాళ్లు నేతపనివాళ్లు. లోపల నేలలోకి దింపి పాతిన రెండు గుంట మగ్గాలు, వెనక మాకు అర్ర అనే ఒక గది, ముందు పెంకులు కప్పిన పంచ. నేను దాన్ని వరండా అంటే ఇంటామె నవ్వేది.

"వరండ దొరలకుంటది బిడ్డా. మాది పంచ. నూలు కండెలు చుట్టుకుంట, కోళ్లను అదిలించుకుంట కూసునే జాగ."

పగలంతా ఆమె అక్కడే. అంగడికి పోయేవాళ్లు ఆగితే కుండలో నీళ్లు ముంచి ఇచ్చేది, ఎవరని అడిగేది కాదు. నేను పొయ్యి ముట్టించలేక పొగలో దగ్గుతుంటే, "మా పంతులమ్మకు లెక్కలన్నొస్తయి గని, పొయ్యిల కట్టెలెన్ని పెట్టాల్నో ఎరుకలేదు" అని వీధికి వినబడేలా అనేది.

రెండో ఏడు వానాకాలంలో అవ్వకు జ్వరం వచ్చి దిగలేదు. ఇక ఇంట్లోనే చూసుకోండి అన్నాడు డాక్టరు. ఇల్లు మాది కాదు.

ఆ సాయంత్రం ఇంటామె బావగారు వచ్చాడు. అర్రలో ఉన్న నాకు వినబడాలనే గొంతు పెంచాడు.

"సచ్చేటి మనిషిని ఇంట్ల పెట్టుకుంటవా? నచ్చత్రం మంచిగ లేకుంటె ఆర్నెల్లు ఇల్లు ఇడువాలె. గుంట మగ్గాలను నెత్తిన పెట్టుకొని పోతవా? పిల్లలకేం పెడ్తవు?"

"గీ వానల ఆమెను ఏడికి పొమ్మంటవు బావా?"

"బడి లేదా?"

"బడిల పిల్లలుంటరు."

ఆమే మళ్లీ అంది: "పంచ ఉన్నది. కడపకు ఇవతల. ఎవలన్న అడిగితె నేను చెప్పుకుంట."

మర్నాడు పొద్దున అవ్వ మంచాన్ని నలుగురు పట్టి గడప దాటించి పంచలోకి తెచ్చారు. ఇంటామె చుట్టూ తడకలు కట్టింది, తన గొంగడి తెచ్చి కప్పింది. నేను ఆమెతో మాట్లాడలేదు. అవ్వ కళ్లు తెరిచి, "ఈడ గాలి మంచిగొస్తున్నది" అంది. ముందురోజు మాటలు విని అలా అన్నదో, నిజంగానే గాలి బాగుందో నాకు ఇప్పటికీ తెలియదు. మూడోరోజు మధ్యాహ్నం పోయింది.

ఇంటామె జొన్నరొట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "తిను పంతులమ్మా. నన్ను తిట్టుకుంటనన్న తిను." తిట్టుకుంటూనే తిన్నాను. ఆ ఏడే బదిలీ అడిగి వెళ్లిపోయాను. మళ్లీ చూడలేదు.

అద్దెకున్నవాళ్ల చావును వీధిలోకి నెట్టే ఊళ్లలో ఆమె నీడనిచ్చిందని ఒకసారి అనిపిస్తుంది. గడప లోపలికి నాలుగడుగులే కదా అని ఇంకోసారి అనిపిస్తుంది. ఆ నాలుగడుగుల అవతల మగ్గాలున్నాయి, మగ్గాల మీద ఆరుగురి తిండి ఉంది. ఇదంతా తెలిసీ ఇన్నేళ్లు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. రాస్తే ఏం రాసేదాన్నో.

ప్రాణం పోయిన చోట పదిరోజులు దీపం ఆరగూడదంటారు. గోడలున్న గదిలో అది కష్టం కాదు; అవ్వకు పెట్టిన దీపం పంచలో ఉంది. ఆమె శవాన్ని తీసేటప్పుడే తడకలు విప్పేశారు, పంచకు మూడు వైపులా ముసురే. కబురందుకుని వచ్చిన మా చిన్నాన్నతో వెళ్లి అస్థికలు గోదావరిలో కలిపి తిరిగొచ్చేసరికి జల్లు అడ్డంగా కొడుతోంది. లోపల మగ్గాలు ఆడుతున్నాయి. ఇంటామె వీధికి వీపు పెట్టి, వానకూ దీపానికీ మధ్య కూర్చుని, కొంగును రెండు చేతులా చాపి పట్టుకుంది. వీపంతా తడిసి రవిక ఒంటికి అంటుకుపోయింది. మేం వచ్చిన అలికిడి వినే ఉంటుంది. కదిలితే గాలి తగులుతుందని కాబోలు, తల కూడా తిప్పలేదు.