రేడియో ఎవరిది

ఈ ఉదయం ఏడూ ఐదుకి పక్కింట్లో రేడియో వార్తలు మొదలయ్యాయి. కూర్చోలేక అటూ ఇటూ తిరిగాను.

చిన్నప్పుడు ఆ వేళకి మా అమలాపురం ఇంటి అరుగు మీద, రేడియో ఎవరు కనిపెట్టారని నాన్నగారికీ మామయ్యకీ వాదన సాగేది.

“రేడియో మనదే బావగారూ! కలకత్తా ఆయన ముందే చేసేరు,” అనేవారు నాన్నగారు.

“ఆయ్, పేటెంటు మాత్రం ఇటలీ ఆయనదండీ. ఆయనది ఆయనకి ఇచ్చేయండి!” అని మామయ్య ఉడికించేవారు.

నాకు తెలిసిన రేడియో మా ఇంట్లోది ఒక్కటే. ఇచ్చేస్తారని హడలిపోయి, ఒకరోజు దాన్ని పెరట్లో ఒలిచి పడేసిన కొబ్బరి డొక్కల కింద దాచేశాను. మామయ్య వెతికి బయటికి తీశారు. నన్ను చూసి, “బావగారూ, మూడో హక్కుదారు దొరికేరండోయ్!” అని నవ్వారు.

మామయ్య ముందే పోయారు. నాన్నగారు పోయి నెలయింది. రేడియో నా దగ్గరే ఉంది. అది ఎవరిదని మా ఇంట్లో ఇప్పుడెవరూ వాదించుకోరు.