పంచెకు కుట్టిన సంచి

పురికొస వాసన తగిలితే గవరయ్య మావ నా పక్కనే కూర్చున్నట్టుంటుంది. ఇప్పుడు ఏ కొట్లో అడిగినా ప్లాస్టిక్ తాడే. పురికొస కావాలంటే కొట్టువాడు నన్ను ఎగాదిగా చూశాడు, నేనేదో దొంగసరుకు అడిగినట్టు. నిన్న బజారంతా తిరిగి ఒక ఉండ సంపాదించాను. దబ్బనంలోకి ఎక్కిస్తుంటే అదే పచ్చిగోనె వాసన.

ఆయన నెల్లిమర్లలో జనపనార మిల్లు మేస్త్రి. చుట్టం కాదు, వరస కలిపి మావా అనేవాణ్ని. బడి మొహం చూడని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గోనెలు కుట్టడం నేర్పాడు. నేను సొంతంగా అక్షరాలు కూడబలుక్కున్నాక, భోజనాల వేళ నాతో పేపరు పైకి చదివించుకునేవాడు. రైల్లో మత్తుబిస్కెట్లు పెట్టి సామాను ఎత్తుకుపోయారన్న వార్త వస్తే నేను మండిపడేవాణ్ని. టికెట్టు కొన్నవాడి సామానుకు దిక్కెవరని ఇప్పటికీ అడుగుతాను.

"నువ్వు తిడితే ఆడు మానేత్తాడేటిరా? సంచి మూతి కుట్టుకో" అనేవాడాయన. ఊరు దాటాలంటే దబ్బనం జేబులో ఉండాల్సిందే.

రెండువేల పన్నెండులో ఆయన భార్య పోయింది. పిల్లలు లేరు. అస్థికలు గోదావరిలో కలపడానికి ఇద్దరం రాజమండ్రి బండెక్కాం. రాగిచెంబుకు గుడ్డ కట్టి చేతిసంచిలో పెట్టాడు. మూతి కుట్టాడు. అంతటితో ఆగక, సంచి పిడిని తన పంచె అంచుకు కుట్టడం మొదలెట్టాడు.

"ఏటి మావా, నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే ఏటి పోద్ది?"

ఎదుటి బల్ల మీద ఇస్త్రీ చొక్కా మనిషి మహా మర్యాదగా, "తాతగారూ, పడుకోండి. సంచి నేను చూస్తుంటాను" అన్నాడు. మావ నవ్వి కళ్లు మూసుకున్నాడు. తునిలో బండి కదులుతుండగా ఆ పెద్దమనిషే సంచి లాక్కుని వాకిలి వైపు పరిగెత్తాడు. సంచితో పాటు పంచె, పంచె పట్టుకుని మావ. వాడు బెదిరి సంచి వదిలి దూకేశాడు. పట్టాపట్టీల డ్రాయరుతో నడవలో నిలబడ్డ మావను చూసి పెట్టెంతా నవ్వింది. నేను కిటికీలోంచి నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతున్నాను.

"ఊరుకోరా. పాపం, ఆడికి దక్కిందేటి? నా డ్రాయరు సూడ్డం."

పంచె సర్దుకుని కూర్చున్నాక, సంచిలోని గుండ్రటి చెంబును రెండు చేతులతో తడిమి చూసుకున్నాడు.

"దాన్నొక్కర్తినీ ఎప్పుడూ ఏ ఊరూ పంపనేదురా" అన్నాడు.

మొన్న ఆయనా పోయాడు. అలాంటి చెంబులోనే, ఈ గూట్లో ఉన్నాడు. రేపు పొద్దున్నే బండి. కారు మాట్లాడుకోవచ్చు కదా అంటుంది మా కోడలు. ఆయన వెళ్లిన దారినే తీసుకెళ్తాను. సంచి మూతి కుట్టేశాను, పంచె అంచు మిగిలింది. నవ్వేవాళ్లు నవ్వుతారని కొత్త డ్రాయరు కూడా కొనుక్కున్నాను.