ఆటలో లేని సగం

మొన్న బందరులో మందుల షాపు ముందు నిలబడి ఉండగా లోపల సీసా ఒకటి పగిలి టించరు వాసన గుప్పుమంది. వెంటనే నాంచారయ్య గారు గుర్తొచ్చారు. గుడివాడలో ఒక మేడమీద మూడు గదుల్లో నడిచే సైన్యం ఉద్యోగాల కోచింగ్ సెంటరులో ఆయన ట్రైనరు. నేను కంప్యూటరు పని చూసేదాన్ని. పరుగులు తీసి అరికాళ్లు బొబ్బలెక్కిన కుర్రాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చుని టించరు రాసేవారు. ఆయనది నాగాయలంక దగ్గర చేపలు పట్టేవాళ్ల పల్లె. సైన్యంలో గాయపడ్డవాళ్లకు కట్లు కట్టే పనిలో ఇరవై ఏళ్లుండి హవల్దారుగా రిటైరయ్యారు. భార్య పోయింది, పిల్లలు లేరు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని గోడవైపు తిరిగి తినేవారు.

చేరేవాళ్లు తగ్గేసరికి మా డైరెక్టరు గారు ఒక తుపాకుల ఆట తెప్పించారు. కాలేజీల్లో పెద్ద తెర కట్టి ఆడించడం, గెలిచినవాడి ఫోను నంబరు తీసుకోవడం, మర్నాడు ఫోన్ చేసి "నీలో సైనికుడున్నాడు తమ్ముడూ" అనడం. ఆ మాట రాసిచ్చింది నేనే. డైరెక్టరు గారు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

మొవ్వలో ఆడించి వ్యానులో తిరిగొస్తుంటే నాంచారయ్య గారు అడిగారు.

"అమ్మా, దెబ్బతగిలి పడినవాడు ఎక్కడికెళ్తున్నాడు?"

"మాయమైపోతాడండీ. లేకపోతే తెరంతా నిండిపోతుంది."

"ఎంతసేపటికి?"

"రెండు సెకన్లు."

ఆయన వరిచేల వైపు తిరిగారు. పామర్రు దాటాక నెమ్మదిగా అన్నారు: "నేనొకణ్ణి నాలుగు గంటలు మోశానమ్మా. ఇంటిదగ్గర గేదె ఈనిందో లేదోనని దారంతా అడుగుతూనే ఉన్నాడు. దించేసరికి లేడు."

"అయితే సైన్యంలోకి వెళ్లొద్దంటారా?"

"వద్దనడానికి నేనెవర్ని? నాకు అన్నం పెట్టింది అదే. పదిహేడేళ్లవాడికి సగమే చూపించి రమ్మనకూడదంటున్నాను. ఆ రెండో సగం నువ్వు పెట్టలేవూ?"

పెట్టాను. బంటుమిల్లి కాలేజీకి వెళ్లేముందు ఆటలో సెట్టింగులు మార్చేశాను. పడినవాడు పడినచోటే ఉంటాడు. మనవాడు పడినా మళ్లీ లేవడు.

మొదట ఆడిన కుర్రాడు కాసేపటికి నావైపు తిరిగి, "అక్కా, గేమ్ స్టక్కయింది, నా ఫ్రెండు లేవట్లేదు" అన్నాడు.

"స్టక్కవలేదు బాబూ," అన్నారు నాంచారయ్య గారు. "అతను చనిపోయాడు. నువ్వింకా అక్కడే ఉన్నావు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సెలవులు ఎన్నాళ్లకి ఇస్తారు, చలి ఎలా ఉంటుంది, భయమేస్తుందా అని పిల్లలు అడుగుతూనే ఉన్నారు. దేన్నీ పెంచకుండా, దాచకుండా చెప్పారు. చాలామంది నంబరివ్వకుండానే వెళ్లిపోయారు. ఒకడు మాత్రం నిలబడి, "అయినా వెళ్తానండీ" అన్నాడు. ఆయన లేచి వాడి చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు డైరెక్టరు గారు మా ఇద్దర్నీ పిలిచారు. "ఆటలో వేలు పెట్టింది ఎవరు?"

నేను నోరు తెరిచేలోపే "నేనేనండీ" అన్నారు నాంచారయ్య గారు. మౌసు పట్టుకోవడం కూడా రాని మనిషి. అది డైరెక్టరు గారికీ తెలుసు. నేను తల వంచుకుని నిలబడ్డాను. అప్పుడైనా ఒక్క మాట అనొచ్చు. అనలేదు. అరగంటలో ఆయన సంచి సర్దుకుని మెట్లు దిగిపోయారు. నాకు చెప్పి వెళ్లడానికి కూడా ఆగలేదు. ఆగితే నేను ఏడ్చి బయటపడతానని కాబోలు. సాయంత్రంలోగా ఆటను పాతదానిలాగే చేసేశాను. ఇంకో అయిదు నెలలు అక్కడే పనిచేశాను. ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు.

మానేశాక రెండు బస్సులు మారి ఆయన ఊరు వెళ్లాను. వసారాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఆటని మళ్లీ మార్చేశావా?"

"మార్చేశానండీ."

ఆయన లేచి, "అన్నం తిని వెళ్లమ్మా" అని లోపలికి వెళ్లి కంచం కడిగారు. ఆ ఏడాదే పోయారట. నాకు కబురు చేసేవాళ్లెవరూ లేకపోయారు.

ఇప్పుడు బందరులో నాది చిన్న ఇంటర్నెట్ సెంటరు. ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకునే కుర్రాళ్లు వస్తుంటారు. ఏ ఉద్యోగమైనా సరే, చివరి బటన్ నొక్కేముందు తెర వాళ్లవైపు తిప్పి, షరతులు మొత్తం చదవమంటాను. విసుక్కుంటారు. "తెలుసులే అక్కా, నొక్కెయ్" అంటారు. నేను నొక్కను. వాళ్లు చదివేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.