నెయ్యి కాని సీమవెన్న

ఆ డబ్బా ఏడాదిపాటు మా ఇంట్లో కొర్రల కాగులో ఉండేది. గింజలు తీసేటప్పుడు చేతికి చల్లగా తగిలేది. మళ్లీ గింజలు కప్పి మూత పెట్టేవాళ్లం. రేకుడబ్బాను ఎలుకలు ఏమీ చేయలేవని నేను ఒకసారి చెప్పాను. అత్త వినలేదు. ఆమె భయం ఎలుకల గురించి కాదు, మనుషుల గురించి.

అప్పుడు కర్నూలు రాజధానిగా ఉండేది. మా పేట మైదుకూరికి నడిచిపోయే దూరంలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. ఆ సంవత్సరాల్లో వానలు సరిగా పడలేదు. మిషన్ వాళ్లు చర్చి ముందర పాలపొడి పంచేవాళ్లు. ఒక ఎండాకాలం పాలపొడితో పాటు ఇంటికొక డబ్బా ఇచ్చారు. పిల్లలకు పెట్టమన్నారు. అది ఏమిటో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. డబ్బా మీద ఆవు బొమ్మ ఉంది. పాలపొడి ఇచ్చిన చేత్తోనే ఇచ్చారు కాబట్టి అది సీమవెన్న అయ్యుంటుందని, ఇళ్లకు పోయేలోపలే ఆడవాళ్లంతా తేల్చేశారు. కొందరు మైదుకూరు అంగళ్లలో అమ్ముకున్నారు. ఒక ఇంట్లో తెరిచి చూసి, వాసన నచ్చక బర్రెకు పెట్టారని విన్నాను.

నాకు పెళ్లయి అప్పటికి రెండేళ్లు. మామ లేడు. నా పెనిమిటి బేతంచెర్లలో నాపరాళ్లు కొట్టే పనిలో ఉండేవాడు, నెలకొకసారి వచ్చిపోయేవాడు. ఇంట్లో అత్త, నేను, పన్నెండేళ్ల చిన్న ఆడబిడ్డ. పేటలో ఉన్న చిన్న బడిలో ఆ పిల్ల చదువు అయిపోయింది. పై చదువంటే కర్నూలులో మిషన్ వాళ్ల ఆడపిల్లల బోర్డింగే. మా పేటకు ఏటా ఒక్క పిల్లకే చోటు ఇచ్చేవాళ్లు.

ఆ చోటు మాకు వచ్చేటట్టు లేదు. కారణం పెద్ద ఆడబిడ్డ. నేను కాపురానికి రాకముందు ఆమెను ఆ బోర్డింగులోనే చేర్చారు. మా చేలో చెనిక్కాయలు పీకే కాలంలో కూలీలు దొరకలేదని అత్త పోయి, పది దినాల్లో పంపుతానని చెప్పి పిలుచుకొచ్చింది. పంపలేదు. ఆ తరువాతి ఎండాకాలం పెళ్లి చేసింది. బోర్డింగు చూసుకునే దొరసానికి ఆ సంగతి గుర్తుండిపోయింది.

అత్తకు ఆ పని చేసినందుకు బాధ ఉండేదో లేదో నాకు తెలియదు. చిన్నకూతురి విషయంలో మాత్రం పట్టుదలగా ఉండేది. పేటలో ఎవరైనా ఎత్తిపొడిస్తే, అది అప్పటి కత, ఇది ఇప్పటి కత అనేది. ఆ పిల్ల పొద్దున లేచి ఇల్లు ఊడ్చి, గోడకానుకొని పాత పుస్తకమే మళ్లీ చదివేది. నాకప్పటికి అక్షరాలు రావు. ఆ పిల్ల పెదవులు కదలడం చూస్తూ జొన్నలు విసిరేదాన్ని.

బడులు తెరిచే ముందు దొరసాని పేటలు తిరిగేది. పిల్ల చదువొక్కటే కాదు, ఇల్లు కూడా చూసేది. ఏ ఇంటి పిల్లను అడుగుతున్నారో ఆ ఇంట్లోనే ఆమెకు భోజనం పెట్టడం మా పేటలో అలవాటు. ఆ సంవత్సరం మా పిల్లతో పాటు ఇంకొక ఇంటి పిల్ల కూడా ఉంది. వాళ్లు పొద్దున్నే కోడిని కోశారు. మాకున్నది ఒకే కోడి, అది పొదగడానికి కూర్చోబోతోంది. కోడిని కోసే మాట అత్త ఎత్తలేదు. పొట్టు గంపలో దాచిన గుడ్లలో నాలుగు తీసి నా ఒళ్లో పెట్టింది. కొర్రన్నం, గుడ్లపులుసు. అంతవరకు బాగానే ఉంది. అన్నంలోకి నెయ్యి లేదు.

దొరసానికి నెయ్యి లేని అన్నం పెట్టామని తరతరాలు చెప్పుకుంటారు అంది అత్త. కొర్రల కాగులో చెయ్యి పెట్టి డబ్బా తీసింది. నా పెనిమిటి రాళ్లు కొట్టే పాత ఉలి ఒకటి ఇంట్లో ఉండేది. దాంతో మూత చుట్టూ పొడుచుకుంటూ తెరిచాను. లోపల పసుపుపచ్చగా గట్టిగా ఉంది. వెన్నలాగా వేలికి దిగలేదు. ఏడాది అయింది కదా, బిగుసుకొని ఉంటుంది, కాగితే అదే కరుగుతుంది అని చెప్పి, అత్త దొరసానికి ఎదురుపోవడానికి రోడ్డు మీదికి పోయింది.

వెన్న కాచడం నాకు పుట్టింట్లోనే వచ్చు. సన్నమంట మీద పెట్టాలి. నురగ వస్తుంది, చిటపటమంటుంది, ఆ చప్పుడు అణిగినప్పుడు మునగాకు వెయ్యాలి. ఆకు గలగలమంటే నెయ్యి అయినట్టు. నేను ముద్దలో సగం కోసి సట్టిలో వేసి చప్పుడు కోసం చూస్తూ కూర్చున్నాను. చప్పుడు రాలేదు. ముద్ద మెత్తబడింది, కరగలేదు. గరిటె పెట్టి లేపితే జిగటగా సాగి గరిటెతో పాటు పైకి వచ్చింది. మంట పెంచితే చుట్టూ కొంచెం నూనె తేలింది. అది చూసి ధైర్యం వచ్చి మునగాకు వేశాను. ఆకు ముద్దలోకి దిగి అక్కడే ఉండిపోయింది.

అప్పటికే బయట మాటలు వినిపిస్తున్నాయి. దొరసాని ముందు ఆ రెండో పిల్ల ఇంటికే పోతుందని అనుకున్నాం. ఆమె మా ఇంటికే ముందు వచ్చింది. గుడ్లు ఉడకెయ్యలేదు, పులుసుకు చింతపండు నానెయ్యలేదు. వెడల్పుగా పరిస్తే నూనె తొందరగా విడుస్తుందేమో అనుకొని, రొట్టెల పెనం పొయ్యి మీద పెట్టి, సట్టికి అంటుకున్నది పోగా తక్కింది దానిమీద గుమ్మరించాను. అది పెనం నిండా పరుచుకొని బుడగలు కట్టింది. కాసేపటికి బుడగలు ఆగి, అంచులు ఎర్రబడి, సన్నటి చిల్లులతో అట్టులాగా గట్టిపడింది. అంచు విరిచి నోట్లో వేసుకున్నాను. కరకరమంది. ఉప్పగా ఉంది. నెయ్యి కాచినాక అడుగున మిగిలే గసి రుచి కాస్త ఉంది, తియ్యదనం మాత్రం లేదు.

ఇంక నెయ్యి రాదని అప్పుడు అర్థమైంది. దాన్ని పారేస్తే విస్తట్లో పెట్టడానికి కొర్రన్నం తప్ప ఏమీ ఉండదు. నాలుగు గుడ్లూ దానిమీదే కొట్టాను. పైన గొడ్డుకారం చల్లాను. ఉప్పు వెయ్యలేదు. తెల్లసొన గట్టిపడ్డాక అట్లకాడ కింద పెడితే అంటుకోకుండా మొత్తం లేచివచ్చింది. రెండు ముక్కలు చేసి ఒకటి విస్తట్లో పెట్టి అత్త చేతికిచ్చాను. నెయ్యి ఏదని కళ్లతోనే అడిగింది. లేదన్నాను.

దొరసాని నులక మంచం మీద కూర్చొని ఉంది. ఎండకు మొహం ఎర్రగా కందింది. అంతకు ముందే ఆమె పెద్ద ఆడబిడ్డ మాట ఎత్తినట్టు అత్త మొహం చూస్తేనే తెలుస్తోంది. నేను వాకిలి లోపల నిలబడ్డాను. ఆమె ముందు అన్నం తీసుకుంది, తరువాత గుడ్డు అంచు విరిచి నోట్లో వేసుకుంది. మళ్లీ అన్నం ముట్టుకోలేదు. ఆ ముక్క అంతా తినేసి, ఇంకా ఉందా అని అడిగింది. రెండో ముక్క కూడా పెట్టాం. తన చిన్నతనంలో ఇంట్లో ఇటువంటిది తిన్నానని, ఈ దేశం వచ్చాక ఇదే మొదటిసారి అని ఆమె చెప్పింది. పుస్తకంలో చదివినట్టుగా ఒక్కొక్క మాటే మాట్లాడేది. దీన్ని మీకు ఎవరు నేర్పారని అడిగింది.

అత్తకు అవకాశం దొరికినట్టయింది.

"ఎవురు నేర్పేదేముందమ్మా. మా ఇంట్లో ఎప్పుడూ ఇట్లనే చేసుకుంటాము" అంది.

దొరసాని చెయ్యి విస్తట్లోనే ఆగింది.

"ఎప్పుడూనా? ఇంటికి ఒక్క డబ్బాయే కదా ఇచ్చినది. మీకు మిగిలిన డబ్బాలు ఎక్కడివి?"

మైదుకూరు అంగళ్లలో ఆ డబ్బాలు ఉన్నాయనే సంగతి ఆమెకు అప్పటికే తెలిసింది. పేటలో ఎవరో అన్నీ కూడబెట్టి అమ్మారని ఆమె అనుమానం. ఆ అనుమానం సంగతి మాకు అప్పుడు తెలియదు. ఆడబిడ్డ మంచం పక్కన పుస్తకం పట్టుకొని నిలబడి, ఒకసారి తల్లిని, ఒకసారి నన్ను చూసింది.

కోడళ్లు దొరసాని ముందుకు వచ్చి మాట్లాడేవాళ్లు కాదు. నేను లోపలికి పోయి సట్టి, డబ్బా రెండూ తెచ్చి ఆమె ముందర పెట్టాను.

"ఎప్పుడూ కాదమ్మా, ఈ పొద్దే. వెన్న అనుకొని నెయ్యి కాచినా. కాలేదు. చెడిపోయినదాని మింద గుడ్లు కొట్టినా" అన్నాను.

ఉలితో పొడిచిన మూత ఇంకా డబ్బాకు వేలాడుతోంది. లోపల సగం ముద్ద అలాగే ఉంది. సట్టిలో మిగిలింది గట్టిపడి, అందులో మునగాకు నిలువుగా ఇరుక్కొని ఉంది. దొరసాని ఆ ఆకును పట్టి లాగింది, అది రాలేదు. ఆకు ఎందుకు వేశావని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వలేదు. ఇది వెన్న కాదు, పాలు విరిచి గట్టిగా చేసేది అంది. అయితే ఏడాది నుంచి ఎందుకు దాచారని అత్తను అడిగింది.

"పిల్లను బడికి పంపే దినం తెరుద్దామని పెట్టినానమ్మా" అంది అత్త.

అది నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. నాతో మాత్రం క్రిస్మసుకని చెప్పింది.

దొరసాని చేతులు కడుక్కొని పిల్లను చదవమంది. పిల్ల తడుముకోకుండా చదివింది. దొరసాని ఆపమని, చెనిక్కాయలు పీకే కాలంలో మీ అమ్మ వచ్చి పిలిస్తే ఏం చేస్తావని అడిగింది. అత్త కూతురి వైపు గట్టిగా చూసింది. రానని చెప్పమని ఆ చూపు. ఆ పిల్ల పుస్తకం మూసింది.

"అమ్మ పిలిస్తే పోతాను" అంది.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దొరసాని లేచి గొడుగు తీసుకొని, అయితే మీరు పిలవకూడదు అని అత్తతో చెప్పి, రెండో పిల్ల ఇంటికి పోయింది. అది ఇచ్చినట్టో ఇవ్వనట్టో మాకు అర్థం కాలేదు. ఆ రాత్రి అత్త పడుకోబోయే ముందు, "నీ నోరు లోపలే ఉండింటే నా కూతురు బతికిపోయేది" అంది. మూడో రోజు కబురు వచ్చింది, పిల్లను పంపమని. నా నోటి మాట అత్త మళ్లీ ఎత్తలేదు. మిగిలిన సగం ముద్దను అదే మాదిరి పెనం మీద కాల్చి, గుడ్లు కొట్టి, ఆడబిడ్డ బస్సెక్కే రోజు పెట్టాం. ఉప్పు ఎక్కువైందని ఆ పిల్ల సగమే తినింది. తక్కింది నేనూ అత్తా తిన్నాం.

ఆ సంవత్సరం చెనిక్కాయ మామూలుగా కాసింది. పీకే కాలానికి మళ్లీ కూలీలు దొరకలేదు. నేల ఎండి బిగుసుకుపోయింది, చెట్టు లాగితే కాయ నేలలోనే తెగిపోయేది. అత్త, నేను ఇద్దరమే. రోజూ మధ్యాహ్నం సంగటి తినేటప్పుడు అత్త మిగిలిన సాళ్లకేసి చూసి, రేపు కర్నూలు పోయి పిల్చుకొస్తా అనేది. నేను చీకటితోనే లేచి ఆమె కంటే ముందు చేనికి పోయి ఒకటి రెండు సాళ్లు పీకి పెట్టేదాన్ని. అంతకు మించి నేను చేయగలిగింది లేదు.

ఒక రోజు నిజంగానే పోయింది. పొట్టు గంపలో ఎనిమిది గుడ్లు పెట్టుకొని రోడ్డు మీదికి పోయి బస్సెక్కింది. నేను ఆ పొద్దంతా ఒక్కదాన్నే పీకాను. మరుసటి రోజు మధ్యాహ్నం దాటాక చేను గట్టు మీద కనిపించింది. పక్కన ఎవరూ లేరు. గంప ఖాళీగా ఉంది.

కొంగు నడుముకు దోపుకొని నా పక్క సాలులోకి వచ్చి కూర్చుంది. పిల్ల బాగుందా అని అడిగాను.

"కిటికీలోంచి చూసినా. బల్ల మింద కూచోని రాసుకుంటాండాది."

"నిన్ను చూసిందా అత్తా?"

"లేదు. గుడ్లు వంటామెకు ఇచ్చి వచ్చినా."

పది చెట్లు పీకింది. తరువాత కాయలు దులుపుతూ, నన్ను చూడకుండానే చెప్పింది.

"పిల్చింటే వచ్చుండేది. అందుకే పిల్వలేదు."

ఆ చేను పీకడానికి మాకు ఇంకో పద్నాలుగు దినాలు పట్టింది. నేలలో తెగిపోయిన కాయలు శానా వరకు అట్లే పోయినాయి.

ఆ డబ్బా మా ఇంట్లో చాలా ఏళ్లు ఉప్పు పోసుకోవడానికి పనికొచ్చింది. తరువాత ఎప్పుడో, నా తల నెరిశాక, ఆడబిడ్డ సెలవులకు వచ్చినప్పుడు నాకు అక్షరాలు దిద్దించింది. అప్పటికి ఆమె టీచరు ఉద్యోగం చేస్తోంది. కూడబలుక్కోవడం వచ్చిన కొత్తలో ఇంట్లో రాత ఉన్న ప్రతిదీ తెచ్చి చదివాను. అందులో వచ్చినదాని పేరేమిటో తెలుస్తుందని ఆ డబ్బా కూడా తెచ్చాను. దాని మీదున్నది ఇంగ్లీషు. నేను నేర్చుకున్నది తెలుగు. మళ్లీ ఉప్పు పోసి దాని చోట్లో పెట్టేశాను.