మా సారు తాళం, యజమాని ఫోను

మా మెయింటెనెన్స్ సారు పోయారన్న కబురు మొన్న పొద్దున మొదట నాకే తెలిసింది. అదే చిక్కయింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర తోటి ఫిట్టర్లకు చెబితే ఒక్కడూ నమ్మలేదు. "ఒరేయ్, నీ వేళాకోళానికి సారు కూడా దొరికారా? ముందెళ్లి నోరు కడుక్కో" అన్నాడొకడు. వాళ్లనీ తప్పు పట్టలేను. బాయిలరుకి సీమంతం చేస్తున్నామని నమ్మించి వాళ్లచేత స్వీట్లు కొనిపించినవాణ్ని. అక్కడే మట్టిలో కూలబడ్డాను. అప్పుడు నమ్మారు.

గుంటూరు నుంచి ఒంగోలు పోయే దారిలో, పత్తి చేలకీ మిరప కళ్లాలకీ మధ్య ఉంటుంది మా ఫ్యాక్టరీ. ఎండుమిర్చి పొడిని సాల్వెంటులో నానబెట్టి చిక్కటి ఎర్ర సారం తీస్తాం. సాల్వెంటంటే పెట్రోలు లాంటిదే, నిప్పురవ్వ చాలు. పైకప్పు సందుల్లోంచి వెలుగు పడితే గాలంతా ఎర్రగా మెరిసేది. ఆ ఎరుపులో సారు నిద్రలో నడుస్తున్నట్టు నడిచేవారు. ఒక్కో పంపు మీదా అరచెయ్యి వేసి, కళ్లు మూసుకుని నిలబడిపోయేవారు.

"ఏం సారూ, జ్వరమేమన్నా ఉందా దానికి?"

"దీనికి లేదురా. నీ నోటికుంది" అనేవారు కళ్లు తెరవకుండానే.

ఆయన రాకముందు మా దగ్గర లేని పద్ధతొకటి ఆయన పెట్టారు. మెషిను విప్పేవాడు ముందు దాని స్విచ్చికి తన తాళం తాను వేసుకోవాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. వేసినవాడే తియ్యాలి. ఒకసారి ఒక ఫిట్టరు తాళంచెవి జేబులో పెట్టుకుని భోజనానికి ఇంటికెళ్లిపోయాడు. యజమాని వచ్చి చిందులు తొక్కారు. సారు కుర్చీ జరిపి, "కూర్చోండయ్యా, అన్నం తిన్నాక వస్తాడు" అన్నారు.

ఆయన రిటైరయ్యే ఏడు, మెషిన్ల బాగోగులు చూసుకోడానికి సాఫ్ట్‌వేరు కొందామన్నారు యజమాని. దేనికెప్పుడు ఆయిలు మార్చాలి, ఏ పంపు ఎప్పుడు విప్పాలి, అన్నీ అదే చెబుతుందట. తను వెళ్లిపోయాక మా చేతులూ కాళ్లూ దాని చేతిలోనే ఉంటాయని సారుకి తెలుసు. అందుకే దాన్ని ఎంచేటప్పుడు తానూ ఉంటానని పట్టుబట్టి కూర్చున్నారు. వచ్చిన కంపెనీల్లో యజమానికి ఒకటి తెగ నచ్చింది. తెర మీద అన్నీ రంగులే.

దాన్ని చూపించడానికొచ్చిన కుర్రాయన, "ఇక తాళాలెందుకండీ? ఫిట్టరు ఫోన్లో ఆపానని నొక్కితే చాలు. అర్జెంటైతే యజమాని గారు ఒంగోల్లో తమ ఇంట్లో కూర్చునే ఆ స్టాపు తీసేసి మెషిను నడిపించొచ్చు" అన్నాడు. యజమాని ముఖం వెలిగిపోయింది.

సారు లేచారు. అందర్నీ పంపు దగ్గరికి తీసుకెళ్లి, స్విచ్చికి తాను వేసిన తాళం తీసేశారు. "అయ్యా, మీరోసారి ఈ పంపు తిప్పే షాఫ్టు మీద చెయ్యి పెట్టండి. ఈ బాబు ఫోను పట్టుకుని గేటు దగ్గరికెళ్తాడు" అన్నారు నెమ్మదిగా.

యజమాని చెయ్యి ముందుకొచ్చి గాల్లో ఆగిపోయింది. నేను ఊరుకోలేకపోయాను. "ఉంగరాలు తీసి నా చేతికియ్యండయ్యా, అవన్నా మిగుల్తాయి."

సారు గుడ్లురిమారు. యజమాని చెయ్యి వెనక్కి తీసుకుని, "గేటు కాణ్నించి ఇతనికేం కనపడుద్ది?" అన్నారు.

"ఒంగోలు నుంచి మీకైనా అంతేగదండీ" అన్నారు సారు.

సారు ముందే ఆ పంపు ఫ్యూజులు పీకించి ఉంచారు. ఆ సంగతి పీకిన నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ల నా కొంటెతనమంతా ఆయన ముందు పిల్లల ఆట.

చివరికి కొన్నది చూడ్డానికి వికారంగా ఉంటుంది, నిదానంగా కదులుతుంది. కానీ తెలుగులో ఉంటుంది, కారం చేతులతో నొక్కినా పలుకుతుంది. ఆపినవాడు తప్ప స్టాపు ఎవరూ తియ్యలేరు. తాళాలూ అలాగే ఉన్నాయి. "ఇంత పోసి నా మాట వినని దాన్ని కొన్నాను" అని యజమాని గొణిగారు. "ఇంట్లో అలవాటేగదయ్యా" అన్నాను.

రిటైరయ్యాక కూడా సారు ఫోను చేసేవారు. "తాళాలు వేస్తున్నారా?" "వేస్తున్నాం సారూ." "నీ మాట నమ్మను, పక్కన ఇంకెవరన్నా ఉంటే ఇవ్వు." ఇచ్చేవాణ్ని.

మర్నాడు పొద్దున భూస్థాపన అయ్యాక, చేతులకంటిన మట్టి కడుక్కుని మధ్యాహ్నం షిఫ్టుకొచ్చాం. పెద్ద పంపు సీలు దగ్గర సాల్వెంటు చుక్కచుక్కగా కారుతోంది. గేటు దగ్గర నన్ను నోరు కడుక్కోమన్న ఫిట్టరే ఫోన్లో స్టాపు నొక్కి, స్విచ్చికి తాళం వేశాడు. కాసేపటికి యజమాని నుంచి వాడికి ఫోను, స్పీకర్లో పెట్టాడు.

"ఎంతసేపురా? లారీ గేటు దగ్గరే ఉంది."

"ఇంకా కారతానే ఉందండీ. అయ్యాక తాళం నేనే తీస్తాను."

సారు బదులు వచ్చిన కొత్త మేనేజరు మావాడి ముఖంలోకే చూస్తున్నాడు.

"సరే. చూసుకుని చెయ్యండి" అని యజమాని పెట్టేశారు.

ఆ పంపు మీద ఆధారపడ్డ మెషిన్లు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. ఫ్యాన్లు కూడా ఆగాక, ఎన్నడూ లోపలికి వినిపించని చప్పుడొకటి వినిపించింది. బయట కళ్లంలో ఆడవాళ్లు మిరపకాయలు తిరగేస్తున్నారు, గలగలా. పక్క జిన్నింగు మిల్లు నుంచి ఓ పత్తి పింజ కిటికీలోంచి వచ్చి, ఆ ఎర్రటి వెలుగులో ఎక్కడా వాలకుండా తేలుతూ ఉంది.