మెడ వెనుక పుట్టుమచ్చ

నా మెడ వెనుక పుట్టుమచ్చ ఉందని నాకు చెప్పింది పదో తరగతి మెమో. గుర్తింపు కోసం అందులో రెండు మచ్చలు రాస్తారు. నాకు రాసినవి ఒకటి కుడి మోచేతి మీద, ఇంకొకటి మెడ వెనుక. మోచేతిది రోజూ కనిపించేది. మెడ వెనుకది అద్దంలో చూసుకునే చోటు కాదు కాబట్టి జుట్టు కింద ఉందనే నమ్మాను. పైగా చిన్నప్పుడు అమ్మ జడ వేసే ముందు జుట్టు పక్కకు జరిపి, అక్కడ బొటనవేలితో కాసేపు నొక్కేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

సూర్యాపేటలో హాస్టల్లో ఉండి కానిస్టేబుల్ కోచింగ్ తీసుకుంటున్నప్పుడు నోటిఫికేషన్ పడింది. మెమోలో ఉన్న పుట్టినతేదీ ప్రకారం నాకిదే ఆఖరి అవకాశం. ఈసారి పోతే పోలీసు ఉద్యోగం ఊసే ఎత్తనక్కర్లేదు. నేనూ నా రూంమేటూ మెమోలు ముందు పెట్టుకుని, అప్లికేషన్‌లో నింపాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాం. ఆమెది కోదాడ. పరుగుకు జడ అడ్డమొస్తోందని ఆ సాయంత్రమే నా జుట్టు కత్తిరించమన్నాను. సగంలో కత్తెర ఆపేసింది.

"ఏమే, ఇక్కడ మచ్చేం లేదే?"

"సరిగ సూడు."

"చూశానే బాబూ. ఉండు, ఫొటో తీస్తాను."

ఫొటోలో నా మెడ సున్నం వేసిన గోడలా నున్నగా ఉంది. "నువ్వు డూప్లికేటేమోనే" అని ఆమె ఆటపట్టించింది. నవ్వాను గానీ ఆ రాత్రి ఫొటో మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. సర్టిఫికెట్లు తనిఖీ చేసే రోజు ఆ మచ్చ చూపించమంటే ఏం చూపించాలి?

ఒకటి నుంచి ఏడు దాకా చదివినట్టు బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి. దానికోసం పాలకీడు దగ్గర మా ఊరి బడికి వెళ్ళాను. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు బీరువా అడుగు నుంచి పాత అడ్మిషన్ రిజిస్టరు తీశారు. నా పేరు, నాన్న పేరు, పుట్టినతేదీ, రెండు మచ్చలు, అన్నీ ఉన్నాయి. చివరి గడిలో ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట ఉంది: మృతి. దాన్ని అడ్డంగా కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టారు.

హెడ్మాస్టరు రిజిస్టరు చూశారు, నన్ను చూశారు, తర్వాత నా కాళ్ళ వైపు చూశారు. దయ్యాల పాదాలు వెనక్కు తిరిగి ఉంటాయంటారు కదా. చదువుకున్న మనిషే, అయినా చూశారు.

"ఇది నువ్వేనా అమ్మా?"

"నేనే సార్."

"మరి గిదేంది?"

"తెల్వదు సార్."

ఆయన పెన్ను మూత తీశారు. "ఏడేండ్లు ఈడ కూసోని సదివింది నువ్వే గదా. గదైతే రాసిస్త. మిగతాది మీ అమ్మనడుగు" అన్నారు.

అమ్మ ఇప్పుడు మిర్యాలగూడలో కిరాయి గదిలో ఉంటూ రైస్ మిల్లులో పనిచేస్తోంది. ఫోనులో రిజిస్టరు ఫొటో చూపించాను. అమ్మకు చదువు రాదు. ఎర్ర సిరా మాత్రం గుర్తుపట్టింది.

"మీ అక్క" అంది.

నాకు ఒక అక్క ఉండేదని అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"నీకంటె రెండేండ్లు పెద్దది. ఒకటో తరగతిల ఏసినం, వానలల్ల జరమొచ్చి పోయింది. నీకప్పటికి పేరే పెట్టలే, చిన్నదనే పిలుస్తుంటిమి. అప్పటి సారు ఎర్ర సిరాతోని రాసి హాజరుల పేరు తీసేసిండు. బడి గోడ, మన ఇంటి గోడ ఒక్కటే గదా బిడ్డా. పొద్దుగాల హాజరు పిలుస్తుంటే ఆ పేరు ఇనపడకపాయె. నా పానం నిలవలే. దీన్ని తోలిస్త సార్, గా పేరు ఉండనియ్యుండ్రి అని కాళ్ళు మొక్కిన. బడిల పిల్లలు తక్కువున్నరని ఆయన గూడ సరే అన్నడు."

"మరి నా పేరేంది?" అని అరిచాను.

"గదే" అంది అమ్మ.

మోచేతి మచ్చ ఇద్దరికీ ఉండేదట. పదో తరగతిలో హైస్కూల్ సారు ఆ ఒక్కటీ చూసి, రెండోది పాత కాగితాల్లో ఉన్నట్టే ఎక్కించి ఉంటాడు. అమ్మ బొటనవేలు నా మెడ మీద అన్నేళ్ళూ ఏం వెతికిందో అప్పుడర్థమైంది. నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. లేవబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"దానికి వయసు దాటిపోతున్నది. జర జల్ది నింపు బిడ్డా."

కోదాడలో నా రూంమేటు వాళ్ళన్న నెట్ సెంటర్లో అప్లికేషన్ నింపాను. ఆయన స్క్రీను నా వైపు తిప్పాడు. "ఒకసారి చూసుకోమ్మా, సబ్మిట్ కొట్టాక మార్చడం కుదరదు." పేరు అక్కది. తేదీ అక్కది. మెడ మీద మచ్చ అక్కది. ఫొటో ఒక్కటే నాది. వయసు దాటుతున్నది కూడా అక్కకే, నాకింకా రెండేళ్ళుంది. కానీ నిజం చెబితే లోకంలో నా పేరుతో ఒక్క కాగితమూ ఉండదు. "కొట్టండన్నా" అన్నాను. పోలీసులకు నేనిచ్చిన మొదటి వాంగ్మూలం అదే, అదీ అబద్ధం.

రాతపరీక్ష, పరుగు అన్నీ గట్టెక్కాక సర్టిఫికెట్ల తనిఖీకి పిలిచారు. మెమో పట్టుకుని కూర్చున్న మేడం నా మోచెయ్యి చూసింది. "వెనక్కి తిరుగు" అంది. వారం నుంచి వల్లె వేసిన సాకులన్నీ మనసులో వరసగా పెట్టుకుని తిరిగాను. ఆమె కాలరు కిందికి జరిపి, సరిగ్గా అమ్మ నొక్కే చోటే బొటనవేలితో నొక్కింది.

"ఉంది" అని టిక్కు పెట్టి, తర్వాతి అమ్మాయిని పిలిచింది.

బయటికొచ్చి, తోడొచ్చిన రూంమేటుకు మళ్ళీ మెడ చూపించాను. ఏమీ లేదంది. అమ్మకు ఫోన్ చేశాను.

"మచ్చ సూసిన్రా?"

"సూసిన్రు. ఉన్నదన్నరు."

అమ్మ ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"ఉంటది. నౌకరి దానిదే గదా" అంది.

పరుగెత్తింది నేను కదమ్మా అనబోయి, బొటనవేలితో నా మెడ నొక్కి చూసుకున్నాను.