బావి ఒడ్డెక్కిన బూట్లు

1963 ఎండాకాలం. సుల్తానాబాద్ వైపు ఒక పంచాయతీ సమితిలో ముఖ్యసేవికగా పనిచేస్తున్నాను. ఊళ్లు తిరిగి ఆడవాళ్లకు పొగరాని పొయ్యిల గురించి, పసిపిల్లల ఆరోగ్యం గురించి చెప్పడం నా పని. నా బిడ్డకు అప్పటికి ఏడో నెల. అత్తమ్మ దగ్గర వదిలి బస్సెక్కితే, ఏడుస్తుందేమోనన్న బెంగ రోజంతా నా వెంటే ఉండేది.

ఆ రోజుల్లో కొత్త బావి తవ్వే రైతుకు సర్కారు సబ్సిడీ ఇచ్చేది. అంటే తిరిగి కట్టనక్కరలేని సాయం. తవ్వకానికి మొదటి విడత. జల పడ్డాక మా సమితి ఓవర్సీరు చూసి రాసిస్తే, లోపల రాతికట్టుకు రెండో విడత. వానల్లోపు కట్టు పడకపోతే మట్టి బావి నిలవదు.

నేను తిరిగే ఊళ్లలో ఒకదాంట్లో రాజవ్వ అనే రైతు ఉండేది. ఆమె మొగడు బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఊళ్లో బావి తవ్వించింది ఆమే. జల పడింది. ఆ ఊళ్లో ఒక కట్టడి ఉంది: కొత్త జలకు మైసమ్మను చేసేదాకా, అంటే ఆ దేవతకు పూజ జరిగేదాకా, చెప్పులతో ఎవరూ ఒడ్డెక్కకూడదు. సరిగ్గా అప్పుడే ఓవర్సీరు బూట్లతో వచ్చాడు.

"జర బూట్లిడువుండ్రి సారూ, మైసమ్మను ఇంకా చెయ్యలే" అంది రాజవ్వ.

"నాకే ఆర్డరేస్తున్నవా?"

ఆమె పరాచికమనుకుంది. "మా పటేలు సుత ఇడుస్తడు సారూ. నీ కాళ్లకేమన్న పుండ్లయినయా?" అంది. కూలోళ్లంతా పకపకా నవ్వారు. ఓవర్సీరు బావిలోకి తొంగి కూడా చూడకుండా తిరిగిపోయి, "జల పడలేదు" అని రాసేశాడు.

వారం తర్వాత పొయ్యి పని మీద ఆ ఊరు వెళ్తే రాజవ్వ ఇదంతా చెప్పింది. చెప్పులు విడిచి ఒడ్డెక్కి చూశాను. అడుగున మోకాటిలోతు నీళ్లు. ఆమె ఒక చెంబు తోడి ఇచ్చింది.

"తాగి చెప్పు బిడ్డా, గివి నీళ్లా, కాదా?"

మట్టి వాసన వేస్తున్న ఆ నీళ్లు తాగాను.

మర్నాడు ఆఫీసులో అడిగితే ఓవర్సీరు, "బాయిల సంగతి మీకెందుకమ్మా? పొయ్యిలు చూసుకోండి" అన్నాడు. మా పైఅధికారి బి.డి.ఓ. గారేమో, "ఫికర్ చెయ్యకమ్మా, మళ్లొకసారి పంపిస్త" అన్నారు. ఒకరోజు జీపు లేదు. ఇంకోరోజు పైఆఫీసర్ల మీటింగు. నేను రోజూ అడిగాను. చివరికి అందరి ముందూ అరిచాను: "బూట్లు విప్పడానికి ఎంతసేపు పడుతుందండీ?"

ఓవర్సీరు చాయ్ తెప్పించుకున్నాడు.

వానలు ముందే దిగాయి. రెండు రోజుల ముసురుకు రాజవ్వ బావి గోడలు లోపలికి జారిపోయాయి. అప్పుడు దొరికింది జీపు. నేనూ ఎక్కాను. ఓవర్సీరు బూట్లతోనే తిన్నగా ఒడ్డెక్కాడు. ఎవరూ ఆపలేదు. బురదగుంటను చూపించి నాతో అన్నాడు:

"చూసిన్రా అమ్మా? జల ఏది?"

నేను నోరు తెరవబోతుంటే రాజవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"గీయనతోని మాటలేంది బిడ్డా. పాలిచ్చే తల్లివి. గీ కోపంల పిల్లకు రొమ్మియ్యకు, కడుపు నొస్తది."

తన బావి పూడిపోయిన రోజున ఆమె నా బిడ్డ కడుపు గురించి ఆలోచించింది. ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. కోపం తగ్గాక ఎత్తుకుందామని గడపలో కూర్చున్నాను. తగ్గలేదు. చివరికి ఆ కోపంతోనే పాలిచ్చాను.

రెండో విడత రాలేదు. రాజవ్వ మొగడి దగ్గరికి బెల్లంపల్లి వెళ్లిపోయింది.

సర్కారు ఎంత సాయం ప్రకటించినా, ఊరిదాకా వచ్చేది ఒక మనిషే. ఆ మనిషి అహం దాటితేనే సాయం రైతుకు అందుతుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు మా సమితిలో ఎక్కడ కొత్త బావి చూడ్డానికి జీపు బయల్దేరినా, నా పని కాకపోయినా ఎక్కుతాను. అందరికంటే ముందు దిగి, చెప్పులు విడిచి, ఒడ్డు మీద నిలబడి వెనక్కి చూస్తాను. నా వెనక వచ్చేవాళ్లు వంగి బూట్ల తాళ్లు విప్పేదాకా పక్కకు జరగను.

నా పిల్ల పాలు మానేసి రెండేళ్లు దాటింది. ఆ కోపాన్ని చల్లార్చుకోవాల్సిన అవసరం నాకిక లేదు.